నగరాల మీద పలచబడుతున్న ఎండ

భూమి వాతావరణపు పై అంచున, సూర్యునికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 1,361 వాట్ల సౌరశక్తి పడుతూ ఉంటుంది. మబ్బు లేని రోజున, గాలి నిర్మలంగా ఉన్న చోట, పొద్దు నడినెత్తిన ఉన్న వేళ అందులో వెయ్యి వాట్ల వరకు నేలను చేరుతుంది. మధ్యలో తరిగిపోయే మూడు వందల పైచిలుకు వాట్లకు ఓజోన్, నీటి ఆవిరి, గాలి అణువులు కారణం. ఈ తరుగుదల సహజమైనది, అనాదిగా ఉన్నది. అయితే శీతాకాలపు ఢిల్లీలోనో కాన్పూరులోనో మబ్బు తునక కూడా లేని మధ్యాహ్నం సైతం ఎండ నీరసంగా, పాలిపోయి కనిపిస్తుంది. అక్కడ సహజమైన తరుగుదలకు తోడు మనుషులు గాలిలోకి వదిలిన పొగ, మసి, రసాయన కణాలు మరికొంత వెలుతురును అడ్డగిస్తున్నాయి. నగరాల గాలి గురించి భారతదేశంలో జరిగే చర్చ దాదాపుగా ఊపిరితిత్తుల చుట్టూనే తిరుగుతుంది, అది న్యాయమే. కానీ అదే గాలి నగరవాసికి దక్కవలసిన వెలుతురును కూడా హరిస్తున్నదని, ఆ నష్టాన్ని వాట్లలోనూ గంటలలోనూ కొలవవచ్చునని, దాని ఫలితాలు ఇంటి కప్పు మీది సోలార్ పలకల నుంచి పసిపిల్లల ఎముకల దాకా వ్యాపిస్తాయని, పైగా ఆ మసక తనకు కారణమైన కాలుష్యాన్నే మరింత చిక్కబరుస్తుందని గుర్తించినవారు తక్కువ.

గాలిలో కాంతి ఎలా నష్టపోతుందో తెలియాలంటే రెండు ప్రక్రియలను వేరుచేసి చూడాలి. మొదటిది పరిక్షేపణం, అంటే ఎదురైన అణువు గాని కణం గాని కాంతిని దారి తప్పించి నలుదిక్కులకూ చెదరగొట్టడం. రెండవది శోషణం, అంటే కణం ఆ కాంతిని తనలోకి పీల్చుకొని వేడిగా మార్చుకోవడం. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా చిన్నవి కనుక అవి పొట్టి తరంగాల నీలి కాంతిని పొడవాటి తరంగాల ఎర్రని కాంతి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. శుభ్రమైన ఆకాశం నీలంగా కనిపించడానికి మూలం ఇదేనని 19వ శతాబ్దంలో లార్డ్ రేలీ గణితపరంగా వివరించాడు. కాలుష్యం వల్ల గాలిలో తేలే ఘన, ద్రవ కణాల తీరు వేరు. ఏరోసాల్స్ అని పిలిచే ఈ కణాలలో వెలుతురు మీద అధిక ప్రభావం చూపేవి మైక్రాన్‌లో పదో వంతు నుంచి ఒక మైక్రాన్ వరకు వ్యాసం కలిగినవి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యానికి వీటి పరిమాణం దగ్గరగా ఉండటం వల్ల, రంగుల మధ్య అణువులు చూపేటంత తేడా ఇవి చూపవు. ఈ రకమైన పరిక్షేపణానికి 1908లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మీ సిద్ధాంతం రూపొందించాడు. కలుషిత నగరం మీది ఆకాశం నీలాన్ని కోల్పోయి తెల్లగా, బూడిద రంగుగా కనిపించడానికి ఆ సిద్ధాంతంలోనే సమాధానం ఉంది.

ఏరోసాల్స్ అన్నీ ఒకే రకంగా ప్రవర్తించవు. బొగ్గు, డీజిల్ మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో మార్పు చెంది సల్ఫేట్ కణాలవుతుంది. వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి, ఎరువులు, పశువ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా నుంచి నైట్రేట్ కణాలు ఏర్పడతాయి. ఇవి కాంతిని ప్రధానంగా చెదరగొడతాయి, పీల్చుకోవడం తక్కువ. డీజిల్ ఇంజన్లు, ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, తగలబెట్టిన చెత్త, పంట వ్యర్థాల నుంచి పుట్టే నల్లని మసిని శాస్త్రజ్ఞులు బ్లాక్ కార్బన్ అంటారు. ఇది తన మీద పడ్డ కాంతిని గట్టిగా పీల్చుకొని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వీటికి తేమ తోడైతే పరిస్థితి మరింత విషమిస్తుంది, ఎందుకంటే సల్ఫేట్, నైట్రేట్, క్లోరైడ్ కణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతాయి, ఉబ్బిన కణం అంతకు ముందుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. ఢిల్లీ శీతాకాలపు మసకలో క్లోరైడ్‌ది పెద్ద పాత్ర అని, ప్లాస్టిక్ కలిసిన చెత్తను తగలబెట్టడం వల్ల, కొన్ని పరిశ్రమల వల్ల గాలిలో చేరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కారణంగానే అక్కడి కణాలు అంతగా నీరు పట్టి చూపు మేర కుదించుకుపోతున్నదని 2021లో ఐఐటీ మద్రాస్ శాస్త్రవేత్తలు ముందుండి జరిపిన పరిశోధన తేల్చింది. వీధి మూలన రాజుకున్న చెత్తకుప్ప మర్నాటి ఉదయం ఊరి మీది ఎండను తగ్గించగలదన్న మాట.

ఈ అడ్డును అంకెలలో చెప్పడానికి వాడే కొలత ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్. నేల నుంచి ఆకాశపు పై అంచు దాకా నిట్టనిలువుగా ఉన్న గాలి స్తంభంలోని కణాలన్నీ కలిసి సూటి కాంతిని ఎంత మేర ఆపుతాయో ఇది తెలుపుతుంది. దీని విలువ 0.2 ఉంటే, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, కణాల వరుసను దాటి సూటిగా వచ్చే కాంతి సుమారు 82 శాతం, 0.5 అయితే 61 శాతం. 1 అయితే 37 శాతం మాత్రమే. ఉత్తర భారత మైదానాలలో శీతాకాలపు చెడ్డ రోజులలో ఇది 1ని దాటిపోతుంది. పైగా డిసెంబరు చివరి వారంలో ఢిల్లీలో మధ్యాహ్న సూర్యుడు దిక్చక్రానికి 38 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు కనుక కాంతి ఏటవాలుగా, నిలువు దారికి ఒకటిన్నర రెట్లకు పైగా దూరం ఆ కణాల మధ్య నుంచే ప్రయాణించాలి. ఆప్టికల్ డెప్త్ 1 ఉన్న రోజున కళ్లకు అన్నింటికన్నా బాగా ఆనే పచ్చని కాంతిలో ఇరవై శాతం మాత్రమే సూటిగా నేలకు దిగుతుందని లెక్క వేయవచ్చు. అదే వారంలో విశాఖపట్నంలో మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల దాకా లేస్తాడు, అందువల్ల అంతే కాలుష్యం ఉన్నా అక్కడి నష్టం కొంత తక్కువ.

దారి తప్పిన కాంతి అంతా వృథా కాదు. అందులో కొంత తిరిగి అంతరిక్షంలోకి పోతుంది, కొంత మసి కణాలలో వేడిగా మిగిలిపోతుంది, పెద్ద భాగం మాత్రం ఆకాశం నలుమూలల నుంచి చెదిరిన కాంతిగా నేలను చేరుతుంది. అందువల్ల కాలుష్యం వెలుతురు మొత్తాన్ని తగ్గించడంతో పాటు దాని స్వభావాన్ని కూడా మారుస్తుంది. శుభ్రమైన గాలిలో విద్యుత్ స్తంభం నీడ అంచు పదునుగా, నల్లగా పడుతుంది. మసక పట్టిన రోజున అదే నీడ లేత బూడిద రంగుకు దిగి, అంచులు కరిగి, ఒక్కోసారి ఉన్నదో లేదో తెలియకుండా పోతుంది. సూటిగా వచ్చే ఎండ తగ్గి చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగు పెరిగిందనడానికి ఇంతకన్నా సులువైన ఆనవాలు లేదు.

వాతావరణ కేంద్రాలలో ఈ తేడాను పట్టిచ్చే ఒక పాత సాధనం ఇప్పటికీ పనిచేస్తున్నది. పది సెంటీమీటర్ల వ్యాసం గల గాజు గోళాన్ని ఒక లోహపు గిన్నెలో నిలిపి, దాని వెనుక గంటల గుర్తులు వేసిన అట్టముక్కను వంపుగా అమర్చుతారు. గోళం సూర్యకాంతిని ఒక బిందువు వద్దకు చేర్చగా అక్కడ అట్ట కాలుతుంది, పొద్దు కదిలేకొద్దీ ఆ కాలిన మచ్చ గీతగా సాగుతుంది. సాయంత్రం అట్టను బయటికి తీసి కాలిన గీత పొడవును కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటల ఎండ కాసిందో తెలుస్తుంది. రుతువును బట్టి సూర్యుని దారి మారుతుంది కనుక వేసవికి, చలికాలానికి, విషువత్తుల వేళకు వేర్వేరు ఆకారాల అట్టలు వాడతారు. 1853లో జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ తయారు చేయగా 1879లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ మెరుగుపరచిన ఈ సాధనానికి చెదిరిన కాంతితో పని లేదు. సూటి కిరణం చదరపు మీటరుకు సుమారు 120 వాట్ల బలానికి చేరితేనే దాన్ని ఎండ కింద లెక్కిస్తారు. మసక దట్టంగా ఉన్న ఉదయం ఆకాశంలో మబ్బు లేకపోయినా, వీధులలో పట్టపగటి వెలుగు ఉన్నా, అట్ట మీద గీత ఆలస్యంగా మొదలై తొందరగా ఆగిపోతుంది.

బొగ్గు పొగ నగరాల వెలుతురును మింగివేస్తుందని ఐరోపా చాలా ముందే అనుభవించింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన స్మాగ్, అంటే పొగ కలిసిన మంచు, వేలాది మందిని బలిగొన్నది. పట్టపగలే బస్సులకు దారి తెలియని స్థితి ఏర్పడింది. 1956లో బ్రిటన్ శుద్ధ వాయు చట్టం తెచ్చి ఇళ్లలో పొగ చిమ్మే బొగ్గు వాడకాన్ని కట్టడి చేసిన తరువాత మధ్య లండన్‌లో శీతాకాలపు ఎండ గంటలు గణనీయంగా పెరిగాయి. అయినా ఇది ఒక్కొక్క నగరపు సమస్య మాత్రమేనన్న అభిప్రాయం చాలాకాలం కొనసాగింది. 1980లలో ఇజ్రాయెల్‌లో పరిశోధకుడు జెరాల్డ్ స్టాన్‌హిల్, నీటిపారుదల లెక్కల కోసం 1950లలో తీసిన సౌర వికిరణపు కొలతలను మళ్లీ తీసి చూసినప్పుడు సుమారు 22 శాతం తగ్గుదల కనిపించింది; జ్యూరిక్‌లో అట్సుము ఒమురా అదే కాలంలో ఐరోపా కేంద్రాల లెక్కలలో ఇటువంటి తరుగుదలనే గమనించాడు. సూర్యుడు తన ప్రకాశాన్ని తగ్గించుకోలేదు, ఉపగ్రహాలు దాన్ని కొలుస్తూనే ఉన్నాయి. తగ్గినది మధ్యలోని గాలి దాటనిచ్చిన వెలుతురు. మొదట్లో ఈ ఫలితాలను నమ్మినవారు కొద్దిమందే. 2002లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మైఖేల్ రోడరిక్, గ్రాహం ఫార్కర్ ఒక చిక్కుముడిని విప్పాక విషయం బలపడింది. భూగోళం వేడెక్కుతున్నా వాతావరణ కేంద్రాలలో ఆరుబయట ఉంచిన నీటి పళ్లేల నుంచి ఆవిరయ్యే నీరు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. నీటిని ఆవిరి చేయడంలో గాలి వేడి కంటే సూర్యకాంతి పాత్ర పెద్దది కనుక, ఎండ తగ్గితే ఆవిరి కూడా తగ్గుతుందని వారు చూపారు. 1980ల మధ్య నుంచి ఐరోపాలో గాలి శుభ్రపడేకొద్దీ అక్కడ ఎండ తిరిగి పెరిగిందని 2005లో మార్టిన్ వైల్డ్ బృందం ప్రకటించింది.

భారతదేశంలో ఎండ అలా తిరిగి పెరగలేదు. ఇక్కడ ఈ మాట ధీమాగా చెప్పగలగడానికి ఒక మహిళా శాస్త్రవేత్త ముందుచూపు కారణం. కేరళలోని పీర్మేడులో 1918లో పుట్టి, బెంగళూరులో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, 1948లో భారత వాతావరణ శాఖలో చేరిన అన్నా మణి, 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశంలో సౌర వికిరణ కేంద్రాల వ్యవస్థను నెలకొల్పారు. దిగుమతి సాధనాల మీద ఆధారపడకుండా వాటిని దేశంలోనే తయారు చేయించి, ఒక్కొక్కదాన్నీ ప్రమాణంతో సరిచూడాలని పట్టుబట్టారు. తప్పు కొలత కంటే కొలత లేకపోవడమే మేలన్న పట్టుదలతో నడిచిన ఆ పనికి విలువ దశాబ్దాల తరువాత తెలిసింది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 12 కేంద్రాల లెక్కలను పరిశీలించి, 1981 నుంచి 2004 వరకు దేశంలో నేలను చేరే సౌర వికిరణం సగటున ఏడాదికి చదరపు మీటరుకు 0.86 వాట్ల చొప్పున తగ్గిందని 2007లో ప్రచురించారు. రాత్రింబవళ్లు, అన్ని రుతువులూ కలిపి సగటు తీస్తే నేలకు అందేది రెండు వందల వాట్ల ప్రాంతంలో ఉంటుంది కనుక, ఆ కాలమంతటికీ కూడిన సుమారు ఇరవై వాట్ల తగ్గుదలను చిన్నదని కొట్టిపారేయడానికి వీలులేదు.

ఇటీవల 2025లో వెలువడిన మరో అధ్యయనం ఇదే సంగతిని ఎండ గంటల లెక్కలో చూపింది. దేశంలోని 9 ప్రాంతాలకు చెందిన 20 కేంద్రాలలో 1988 నుంచి 2018 వరకు నమోదైన వివరాల ప్రకారం ఉత్తర లోతట్టు ప్రాంతాలలో ఏడాదికి 13 గంటలకు పైగా, పశ్చిమ తీరంలో ఎనిమిదిన్నర గంటలకు పైగా, తూర్పు తీరంలో సుమారు 5 గంటలు, దక్కన్ పీఠభూమిలో సుమారు 3 గంటలు చొప్పున ఎండ తగ్గుతూ వచ్చింది. ఇందులో మబ్బుల వాటా కూడా ఉందన్న మాట నిజమే, అయితే మబ్బులు కాలుష్యానికి పూర్తిగా బయటివి కావు. నీటి ఆవిరి బిందువుగా మారాలంటే ఒక కణం ఆధారంగా ఉండాలి, గాలిలో కణాలు పెరిగితే అంతే నీరు ఎక్కువ సంఖ్యలో చిన్న బిందువులుగా పంచుకోబడి, మబ్బు మరింత తెల్లగా తయారై, ఎక్కువ కాంతిని పైకి తిప్పి పంపుతుంది.

కాలుష్యానికీ వెలుతురుకూ మధ్య ఉన్న సంబంధంలో అందరూ తెలుసుకోదగిన భాగం ఢిల్లీ శీతాకాలంలో కనిపిస్తుంది. పగటిపూట ఎండకు నేల వేడెక్కుతుంది, నేలను ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది, పై గాలి కిందికి దిగుతుంది. ఈ కలయిక జరిగే మేరను వాతావరణపు సరిహద్దు పొర అంటారు. వేసవి మధ్యాహ్నాలలో ఇది రెండు కిలోమీటర్లకు పైగా విస్తరించి నగరపు పొగను విశాలమైన గాలిలో పలచన చేస్తుంది. చలికాలపు రాత్రి నేల తొందరగా చల్లబడి, నేల మీది గాలి చల్లగానూ దాని పై గాలి వెచ్చగానూ ఉండిపోతుంది. ఉష్ణోగ్రతా విలోమం అనే ఈ స్థితిలో చల్లని బరువైన గాలి పైకి లేవదు. పాత్ర మీద పెట్టిన మూత వలె వెచ్చని పొర పొగనంతా కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే నిలిపివేస్తుంది. తెల్లవారి ఎండ కాసి నేల వేడెక్కితే ఈ మూత తొలగాలి. ఇక్కడే కాలుష్యం తన పని మొదలుపెడుతుంది.

రాత్రంతా పేరుకున్న సల్ఫేట్, నైట్రేట్ కణాలు ఉదయపు ఎండను చెదరగొట్టి కొంత వెనక్కి పంపుతాయి. వాటి మధ్యనున్న మసి మరికొంత ఎండను నేలకు దిగనీయకుండా పైనే పీల్చుకొంటుంది. నేల వేడెక్కడం మందగిస్తుంది, మసి ఉన్న పై పొర మాత్రం వెచ్చబడుతుంది, అంటే కింద చల్లదనం, పైన వెచ్చదనం అన్న విలోమ స్థితి పగటిపూట కూడా కొనసాగడానికి కాలుష్యమే తోడ్పడుతుంది. నేల వేడెక్కకపోతే గాలి పైకి లేవదు. గాలి లేవకపోతే కొత్తగా వచ్చే పొగ కూడా ఆ కొద్దిపాటి ఎత్తులోనే చేరుతుంది. పొగ చిక్కబడితే ఎండ ఇంకా తగ్గుతుంది. తేమ ఆరకపోవడం వల్ల మంచు కూడా ఆలస్యంగా విడుతుంది. పంజాబ్, హర్యానా పొలాలలో వరి కొయ్యకాళ్లు కాల్చే అక్టోబరు, నవంబరు రోజులలో, గాలి కదలిక తక్కువగా ఉన్నప్పుడు ఈ చక్రం ఒకసారి మొదలైతే, వాహనాల పొగ అంతకు ముందు వారం ఉన్నంతే ఉన్నా పీల్చే గాలిలో కణాల సాంద్రత పెరుగుతూ పోవడానికి కారణం ఇదే. మసక బారిన ఎండను కాలుష్యపు ఒక దుష్ఫలితంగా మాత్రమే చూడటం అందువల్ల చాలదు. అది కాలుష్యాన్ని నిలబెట్టే కారణాలలో కూడా ఒకటి.

తెలుగు నగరాలలో ఇంత తీవ్రత లేదు, అయితే నిశ్చింతగా ఉండే పరిస్థితి కూడా లేదు. దక్కన్ పీఠభూమి మీద ఉన్న హైదరాబాద్‌లో గాలి సాధారణంగా ధారాళంగా ఆడుతుంది, చలికాలపు ఎండ ఉత్తరాది కంటే బలంగా కాస్తుంది. అందువల్ల ఉదయం మూసుకున్న మూత మధ్యాహ్నానికి తెరుచుకుంటుంది. విశాఖపట్నం సంగతి భిన్నం. ఒకవైపు సముద్రం, ఉత్తరాన కైలాసగిరి వైపు కొండలు, దక్షిణాన యారాడ కొండలు ఉన్న పళ్లెం వంటి నేలలో ఓడరేవు, ఉక్కు, చమురు, ఎరువుల పరిశ్రమలు కలిసి ఉన్నాయి. ఓడరేవు పరిసరాల ఇళ్ల కిటికీ అంచుల మీద, ఆరవేసిన బట్టల మీద పేరుకొనే బొగ్గు నుసి అక్కడి వారికి రోజువారీ బాధ. అయితే వెలుతురు విషయంలో ఒక సూక్ష్మం ఉంది: చేతికి అంటుకొనే ఆ ముతక నుసి బరువైనది, తొందరగా నేల మీద పడిపోతుంది; ఒక గ్రాము నుసి ఆపే కాంతి కంటే, కంటికి కనిపించకుండా వారం రోజుల పాటు గాలిలోనే తేలే ఒక గ్రాము సన్నని కణాలు ఆపే కాంతి ఎన్నో రెట్లు ఎక్కువ. తుడిస్తే పోయే దుమ్ము తగ్గినంత మాత్రాన ఎండ మెరుగుపడదు. ఇస్రో నడిపే ఏరోసాల్ పరిశీలనా వ్యవస్థలో హైదరాబాద్, విశాఖపట్నం, అనంతపురం కేంద్రాలు కూడా ఉండటం వల్ల దక్షిణాది గాలిలోని మసిని, కణాల అడ్డును ఏళ్ల తరబడి నమోదు చేయడం సాధ్యమైంది.

వెలుతురు నష్టాన్ని రూపాయలలో చూపగలిగే చోటు సౌర విద్యుత్తు. 2016-17 లెక్కల ఆధారంగా 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఢిల్లీలో గాలి మసక కారణంగా సోలార్ పలకల మీద పడే వెలుతురు ఏడాదికి సుమారు 11.5 శాతం, అంటే చదరపు మీటరుకు 200 కిలోవాట్-గంటల మేర తగ్గింది. దీనికి పలక మీద పేరుకొనే మురికి అదనం. ఐఐటీ గాంధీనగర్‌తో కలిసి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితాలలో, కొన్ని వారాలకు ఒకసారి పలకలను శుభ్రం చేసిన ప్రతిసారీ ఉత్పత్తి దాదాపు యాభై శాతం పెరిగింది. ఆ మురికిని సేకరించి పరీక్షిస్తే బరువులో 92 శాతం మామూలు ధూళే. మిగిలిన కొద్దిపాటి కర్బన, రసాయన కణాలు మనుషుల పనుల వల్ల పుట్టినవి, కానీ బరువుకు తగిన నిష్పత్తి కంటే చాలా ఎక్కువ కాంతిని ఆపేవి, గాజుకు గట్టిగా అంటుకొనేవి అవే. నీటితో కడిగితే పలక శుభ్రపడుతుంది, పలకకూ సూర్యునికీ మధ్యనున్న గాలిని కడగడం ఇంటి యజమాని చేతిలో లేదు. కోటి ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు పెట్టించాలని 2024లో కేంద్ర ప్రభుత్వం పథకం ప్రారంభించింది. బ్యాంకు అప్పు తీసుకొని పలకలు పెట్టించుకొనే కుటుంబం తిరిగి చెల్లింపుల లెక్క వేసుకొనేది వచ్చే యూనిట్లను బట్టి కనుక, పట్టణ గాలి శుభ్రత ఆ కుటుంబపు ఆదాయ వ్యయాలలో నేరుగా భాగమైపోయింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇదంతా తిరగబడి కనిపించింది. వాహనాలు, కర్మాగారాలు, నిర్మాణాలు ఆగిన కొద్ది రోజులకే పంజాబ్‌లోని జలంధర్ వాసులకు దూరాన ధౌళాధార్ మంచు కొండలు కనిపించాయి. ఢిల్లీలో సోలార్ పలకలకు అందిన వెలుతురు గత ఏళ్లతో పోలిస్తే మార్చి చివరిలో సుమారు 8 శాతం, ఏప్రిల్‌లో సుమారు 6 శాతం అధికంగా ఉందని పరిశోధకులు లెక్క కట్టారు. ఆ విరామం ఎంతో దుఃఖంతో కూడినది, దాన్ని పరిష్కారంగా ఎవరూ కోరుకోరు. అయినా ఎండ తగ్గడం నగరానికి విధిరాత కాదని, కొద్ది రోజులలోనే తిరిగి రాగలదని అది రుజువు చేసింది.

మనిషి ఒంట్లో విటమిన్ డి తయారు కావాలంటే అతినీలలోహిత కిరణాలలో బి రకం అని పిలిచే భాగం చర్మం మీద పడాలి. ఈ కిరణాలు పొట్టి తరంగాలు కనుక చెదిరిపోవడం వీటికి ఎక్కువ. పైగా నగరపు గాలిలో నేలకు దగ్గరగా ఏర్పడే ఓజోన్, కట్టెలు, పంట వ్యర్థాలు మండగా పుట్టే గోధుమ రంగు కర్బన కణాలు కూడా వీటిని పీల్చుకొంటాయి. కంటికి ఎండ బాగానే ఉన్నట్లు తోచిన రోజున కూడా ఈ భాగం బాగా తగ్గి ఉండవచ్చు. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 9 నుంచి 24 నెలల పిల్లలను పరీక్షించారు: ఢిల్లీలో కాలుష్యం ఎక్కువగా ఉన్న మోరీ గేట్ ప్రాంతపు పిల్లల రక్తంలో విటమిన్ డి సగటు మిల్లీలీటరుకు 12.4 నానోగ్రాములు కాగా, అప్పట్లో కాలుష్యం తక్కువగా ఉన్న గుర్గావ్ పిల్లలలో 27.1 నానోగ్రాములు. నడక నేర్చే వయసు పిల్లలు తాము చేయని పొగకు తమ ఎముకల బలాన్ని మూల్యంగా చెల్లించడం అన్యాయం, దాన్ని అలాగే పిలవాలి. ఇరుకు గదులు, ఎత్తైన భవనాల నీడలు, ఇంటి పట్టునే గడిచే పగళ్లు కూడా ఈ లోపానికి కారణాలే. అందుకే వాటితో పాటు గాలిని కూడా వైద్యుల లెక్కలోకి తేవాలి.

మొక్కల విషయం ఇంత తేటగా లేదు. చెదిరిన కాంతి దట్టమైన చెట్ల లోపలి ఆకులకు కూడా చేరుతుంది కనుక, పలచని మసక కొన్ని అడవులకు కిరణజన్య సంయోగక్రియలో కొంత మేలు చేయవచ్చు. మసక చిక్కబడితే మొత్తం కాంతి తగ్గి ఆ మేలు పోతుంది. పంటలకు మరింత పెద్ద ముప్పు వర్షం వైపు నుంచి ఉంది. 1999 జనవరి నుంచి మార్చి వరకు వీరభద్రన్ రామనాథన్ ప్రభృతుల నాయకత్వంలో జరిగిన ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ పరిశోధన, దక్షిణాసియా నుంచి బయలుదేరిన గోధుమ రంగు మసక మూడు కిలోమీటర్ల మందంతో ఉత్తర హిందూ మహాసముద్రం మీద పరుచుకొని ఉన్నట్లు విమానాలు, ఓడలు, మాల్దీవుల కేంద్రం సాయంతో కనుగొన్నది. సముద్రం మీద ఎండ తగ్గితే నీరు ఆవిరవడం తగ్గుతుంది, నేల మీద ఎండ తగ్గితే నేలకూ సముద్రానికీ మధ్య ఉండవలసిన వేడి తేడా బలహీనపడుతుంది; నైరుతి రుతుపవనాలను నడిపేది ఆ తేడాయే.

ఇక్కడ ఒక వాదం తరచుగా వినిపిస్తుంది. ఎండను ఆపే కణాలు భూతాపాన్ని కూడా కొంత కప్పిపుచ్చుతున్నాయి కనుక, గాలి శుభ్రపడితే వేడి పెరుగుతుంది గదా అన్నది ఆ వాదం. అందులో వాస్తవం లేకపోలేదు. మానవుల వల్ల గాలిలో చేరిన ఏరోసాల్స్ వంటి కారకాలు భూమిని 0 నుంచి 0.8 డిగ్రీల సెల్సియస్ మేర చల్లబరిచి ఉంటాయని వాతావరణ మార్పును అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. కానీ కణాలు గాలిలో నిలిచేది వారం పది రోజులు, కార్బన్ డయాక్సైడ్ నిలిచేది శతాబ్దాలు; వారం నిలిచే విషాన్ని నిత్యం కొత్తగా పోస్తూ శతాబ్దాల వేడిని దాచడం కుదిరే పని కాదు. దాచినంత కాలం ఊపిరితిత్తులు చెల్లించే వెల వేరే ఉంది. పైగా మసి చల్లబరిచేది నేలను మాత్రమే, గాలిని అది వేడెక్కిస్తుంది కనుక మసిని తగ్గిస్తే అటు ఎండ పెరగడం, ఇటు వాతావరణపు వేడి తగ్గడం రెండూ జరుగుతాయి. డీజిల్ పొగ, ఇటుక బట్టీలు, బహిరంగంగా తగలబెట్టే చెత్త మీద ముందుగా దృష్టి పెట్టమని శాస్త్రజ్ఞులు చెప్పడంలోని తర్కం అదే.

జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ కూడా దాని జాబితాలో ఉన్న నగరాలే. కూడళ్లలోని ఎలక్ట్రానిక్ బోర్డుల మీద కనిపించే వాయు నాణ్యతా సూచిక 8 కాలుష్య కారకాలను లెక్కిస్తుంది, వాటిలో వెలుతురుకు చోటు లేదు. వెలుతురును కొలిచే పైరనోమీటర్, అంటే గాజు గుమ్మటం కింద నల్లని పలక వేడెక్కే తీరును బట్టి సౌర వికిరణాన్ని తెలిపే సాధనం, కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు; పెద్ద సౌర విద్యుత్ క్షేత్రాలన్నింటిలో అది ఉంటుంది. కాలుష్య కేంద్రాలలో సన్నని కణాలను, అంటే పీఎం 2.5ను, కొలిచే యంత్రం పక్కన దాన్ని కూడా నిలిపి, సూటి కాంతిని, చెదిరిన కాంతిని విడివిడిగా నమోదు చేస్తే, ఏ రోజున ఏ పేటకు ఎంత ఎండ తగ్గిందో, దాని వల్ల కప్పుల మీది పలకలు ఎన్ని యూనిట్లు కోల్పోయాయో, గాలి మెరుగుపడిన ఏట ఎంత తిరిగి వచ్చిందో ప్రతి నగరపాలక సంస్థ తన పౌరులకు లెక్క చెప్పగలదు. అన్నా మణి 1957లో మొదలుపెట్టిన కొలతలు దేశానికి ఎండ తగ్గుతున్నదని చెప్పాయి; వీధి వీధికీ, వాడ వాడకూ ఆ కొలత ఇంకా మొదలు కావలసి ఉంది.